పది తగ్గియ్యాలె

సోమవారం పొద్దున జలపతి చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. మధ్యాహ్నం కార్ఖానాలో అన్నానికి కూర్చున్నప్పుడు హబీబుద్దీన్ ఏం చేస్తే తానూ అదే చేయాలి. అతను తింటే తినాలి, ఆపితే ఆపాలి. రెండు నెలలు ఇలా గడిస్తే చాలనుకుని, భార్య వసంత కట్టిన నాలుగు గిన్నెల క్యారియర్ పట్టుకుని బయల్దేరాడు.

జలపతి కోరుట్లలో ఒక బీడీ కార్ఖానాకు గుమస్తా. వయసు నలభై ఆరు, బరువు తొంభై నాలుగు. పాదాల్లో చీమలు పాకుతున్నట్టు ఉంటోందని శుక్రవారం జగిత్యాల వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాడు. షుగర్ సరిగ్గా గీత దగ్గరికి వచ్చి నిలబడిందని, రెండు నెలల్లో పది కిలోలు తగ్గి మళ్లీ పరీక్షకు రమ్మని ఆయన చెప్పాడు. మామూలు మనిషికైతే అది సలహా. జలపతి తండ్రికి షుగర్‌తోనే మోకాలి దాకా కాలు తీసేశారు. ఆ తర్వాత రెండో చెప్పును ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తోచక, అది చాలా రోజులు గడప పక్కనే పడి ఉంది. అందువల్ల డాక్టరు నోటి నుంచి పది అనే మాట రాగానే జలపతికి కాలే కనబడింది.

ఇక హబీబుద్దీన్. ఆడవాళ్లు ఇంట్లో చుట్టి తెచ్చే బీడీ కట్టలు విప్పి చూసి, బాగాలేని బీడీలను ఏరి పక్కన పెట్టడం అతని పని. పదకొండేళ్లుగా జలపతికి ఎదురు బల్ల. ఈ పదకొండేళ్లలో జలపతి మూడుసార్లు బెల్టు మార్చాడు. హబీబుద్దీన్ బెల్టు మార్చడం అలా ఉంచి, ఉన్న బెల్టుకే కొత్త చిల్లులు పొడిపించుకుంటున్నాడు. సన్నగా ఉన్నవాళ్లందరికీ తిండి సంగతిలో ఏదో గుట్టు ఉంటుందని, దాన్ని లావుపాటి వాళ్లకు చెప్పరని జలపతికి ఎప్పటి నుంచో అనుమానం. ఆ పొద్దున అడగనే అడిగాడు.

"హబీబ్ భాయ్, ఒక్కటి అడుగుత, నిజం చెప్పాలె. అన్నం ముంగటికి రాంగనే నువ్వేం ఆలోచిస్తవు?"

"ఏం ఆలోచించ."

"ఏం ఆలోచించకుంట ఎట్ల తింటవే?"

"తినేటానికి ఆలోచనెందుకు భాయ్? ఆకలైతే తింట, చాలనిపిస్తే లేస్త," అన్నాడు హబీబుద్దీన్, కట్టలోంచి తల ఎత్తకుండానే.

జలపతి ఈ జవాబుకు ముగ్ధుడైపోయాడు. తనకేమో ఉప్మా తింటుంటే మధ్యాహ్నపు కూర, కూర తింటుంటే నాలుగింటి మిర్చి బజ్జీ గుర్తొస్తాయి. ఈ మనిషి బజ్జీ తీసుకున్నా దాన్ని చల్లారే దాకా చేతిలోనే పట్టుకుంటాడు. సగం చాయ్ గ్లాసులోనే వదిలేసి లేచిపోతాడు. భార్య ఫాతిమా చనిపోయినప్పటి నుంచి హోటల్లో రెండు రొట్టెలు, ఇంత పప్పు కట్టించుకుని వస్తాడు. అందులోనూ అర రొట్టె మిగులుతుంది. ఎంత నిగ్రహం అనుకున్నాడు జలపతి.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. హబీబుద్దీన్ ఒకటిన్నర రొట్టె తిని చేయి ఆపాడు. జలపతి రెండు గిన్నెలు మూతపెట్టి ఉండగానే తానూ ఆపేశాడు.

అక్కడి మర్యాద ఒకటి ఉంది. కలిసి కూర్చున్నవాళ్లు కలిసే లేవాలి. ఎదుటివాడు చేయి కడిగాక కూడా తింటూ కూర్చుంటే ఆబగా తింటున్నట్టు. మంగళవారం జలపతి తొందరగా ఆపేస్తాడేమోనని హబీబుద్దీన్ ముందే సర్దుకుని ఒక్క రొట్టెతో సరిపెట్టుకున్నాడు. ఈయన ఇంకా తగ్గించాడు, నిజంగా మహానుభావుడనుకుని జలపతి ఒక్క గిన్నెతో ఆపేశాడు. అది చూసి బుధవారం హబీబుద్దీన్ అర రొట్టె దగ్గరే లేచాడు. ఒకరు మర్యాద కోసం, ఇంకొకరు కాలి కోసం తగ్గించుకుంటూ పోతుంటే మధ్యలో మిగిలినదాంట్లో కొంత కార్ఖానా గేటు దగ్గరి కుక్కలకు చేరింది.

ఆ బుధవారమే బీడీలు ఇచ్చి ఆకు తీసుకుపోవడానికి మొగిలవ్వ వచ్చింది. నలభై ఏళ్లుగా బీడీలు చుడుతున్న మనిషి. కార్ఖానాలో ఎవరి ముఖం ఎలా ఉందో ఆమెకు గేటు దగ్గరి నుంచే తెలిసిపోతుంది. నిండు క్యారియర్‌ను చూస్తూ కూర్చున్న జలపతిని చూసి గంప దించింది.

"ఏమైంది సారూ, గట్ల కూసున్నవు? అన్నం తినలేదా?"

"ఎట్ల తింట మొగిలవ్వా? రెండు నెలలల్ల పది తగ్గియ్యాలె."

"పదా?"

"పది. తగ్గియ్యకపోతే తీసేస్తరు."

"అయ్యో, ఎవలు చెప్పిండ్రు సారూ?"

"ఇంకెవలు, జగిత్యాల సారే," అన్నాడు జలపతి, డాక్టరును తలచుకుని నిట్టూరుస్తూ.

మొగిలవ్వ వెంటనే గంప ఎత్తుకుంది. కార్ఖానా ఓనరు శ్యాంసుందర్‌ది జగిత్యాల. ఆయనను పేరు పెట్టి పిలిచే ధైర్యం లేక ఆడవాళ్లందరూ జగిత్యాల సారనే అంటారు. కార్ఖానా మూతపడుతుందని ఏడాదికోసారి పుట్టే పుకారుకు భయపడీ భయపడీ ఉన్న మనుషులు వాళ్లు. పది మందిని తగ్గించమన్నాడని, తగ్గించకపోతే పాపం గుమస్తానే తీసేస్తానన్నాడని ఆమెకు అర్థం కావడానికి గేటు దాటేంత సేపు కూడా పట్టలేదు.

సాయంత్రానికల్లా ఈ మాట తోటి బీడీలు చుట్టే సాయవ్వకు చేరింది. సాయవ్వ సిరిసిల్లలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది, అక్కడి బీడీలు కూడా ఇదే ఓనరువి. కోరుట్లలో పది మంది ఉన్నవాళ్లు సిరిసిల్ల చేరేసరికి వంద మందయ్యారు. ఆ మాట బుగ్గారం ఊరి మీదుగా తిరిగి గురువారం పొద్దున మళ్లీ కోరుట్లకు వచ్చేసరికి అందులో కార్ఖానాకే తాళం పడింది.

అదే గురువారం కూరగాయల దగ్గర సాయవ్వకు వసంత కనబడింది. "మీ ఆయనను తీసేస్తరటగద బిడ్డా, మేమందరం బాధపడుతున్నం," అని చెప్పి ఆమె కొంగుతో ఒకసారి కళ్లొత్తుకుంది. వసంత వంకాయలు తీసుకోకుండానే ఇంటికి వచ్చింది. నాలుగు రోజులుగా భర్త ముఖం వేలాడేసుకుని ఉండటానికి, క్యారియర్ సగంతో తిరిగి రావడానికి ఇప్పుడు కారణం తెలిసింది. కొలువు పోతున్న మగవాణ్ణి అడిగి ఇంకా కుంగదీయడం ఎందుకని ఒక్క మాటా అనలేదు. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. ముందు ముందు రోజులు ఎలా ఉంటాయోనని ఇప్పటి నుంచే పొదుపు మొదలుపెట్టి, శుక్రవారం నాలుగు గిన్నెల క్యారియర్ బదులు ఒక్క గిన్నె కట్టింది. అన్నం, పచ్చిపులుసు. జలపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. అడగకుండానే భార్య తనకు తోడొచ్చిందనుకున్నాడు.

ఆ ఒక్క గిన్నెను చూసి హబీబుద్దీన్ గతుక్కుమన్నాడు.

"ఇంట్ల అంత మంచిదేనా భాయ్?"

"మంచిదే. వసంతనే తగ్గిచ్చింది."

హబీబుద్దీన్ తన రొట్టెలు రెండూ మెల్లగా ఇటువైపు జరిపాడు. "నాకు ఆకలైతలేదు, నువ్వు తిను."

జలపతికి ఇది పరీక్షలా తోచింది. రొట్టెలను మళ్లీ అటు జరిపాడు. అతను ఇటు, ఇతను అటు. చివరికి ఇద్దరూ లేచి, తినకుండానే మర్యాదగా చేతులు కడుక్కున్నారు.

శనివారం పొద్దున తొమ్మిదికల్లా కార్ఖానా గేటు ముందు వంద మంది ఆడవాళ్లు. మూసేలోపు రెండు వారాల ఆకు, తంబాకు ఒకేసారి ఇవ్వాలని వాళ్ల పట్టు. ఎంత అడిగినా జలపతికి ఏమీ అర్థం కాలేదు. ఆకలికి చెవుల్లో ఒకటే హోరు. జగిత్యాల నుంచి శ్యాంసుందర్ కారులో దిగాడు.

"ఎవలు చెప్పిండ్రు మీకు మూస్తున్నమని?"

"మీరే అన్నరట గద సారూ," అంది మొగిలవ్వ ముందుకు వచ్చి. "రెండు నెలలల్ల పది మందిని తగ్గియ్యాలె, లేకుంటే జలపతి సారును తీసేస్తమని. ఆయన బుక్కెడు అన్నం తింటలేడు, పానం పోయేటట్టున్నడు."

శ్యాంసుందర్ గుమస్తా వైపు తిరిగాడు. "నేనెప్పుడన్న?"

"మీరు కాదు సార్," అన్నాడు జలపతి. "జగిత్యాల సారు."

"జగిత్యాల సారును నేనే గదయ్యా!"

"అయ్యో, డాక్టర్ సారు! తగ్గియ్యమన్నది మనుషులను కాదు, కిలోలు. తీసేసేది నన్ను కాదు సార్, నా కాలును!"

అందరి చూపులూ ఒకేసారి కిందికి దిగాయి. సాయవ్వకు నిజంగానే జాలేసింది.

"ఏ కాలు సారూ?" అని అడిగింది.

"ఇంకా తెల్వదు," అన్నాడు జలపతి.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత వంద మందీ నవ్వారు, చివరికి శ్యాంసుందర్ కూడా. నవ్వనిది జలపతి, హబీబుద్దీన్ ఇద్దరే. జలపతికి నవ్వే ఓపిక లేదు. హబీబుద్దీన్ అప్పటికే లోపల బల్ల మీద నుంచి పక్కకు ఒరిగి బీడీ కట్టల మీద పడి ఉన్నాడు.

ఓనరు కారులోనే అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. గ్లూకోజ్ ఎక్కిస్తూ డాక్టరమ్మ అడిగింది. "ఈనె సరిగ్గ అన్నం తినక ఎన్ని దినాలయింది? పక్కపొంటి కూసుండేటోల్లు సూస్తలేరా?"

పక్కన కూర్చునేవాడు జలపతే. చూడటం కాదు, ఆరు రోజులుగా ఆ మనిషి నోటికి పోయే ప్రతి ముక్కనూ లెక్కపెట్టాడు. కాసేపటికి హబీబుద్దీన్ కళ్లు తెరిచాడు.

"తినవెందుకు భాయ్?" అన్నాడు జలపతి.

"నువ్వు తింటలేవు. కొలువు పోతుందని ఆడోల్లు చెప్పిరి. ఇంటికాంచి ఒక్క గిన్నె తెస్తివి. నీ ముంగట కూసొని నేనెట్ల తింట?"

"నేను నిన్ను చూసే గదనే తగ్గిచ్చిన! నువ్వు రొట్టెన్నర తిని ఎట్ల లేస్తవో, నాకు గదే నేర్చుకోవాల్నని."

హబీబుద్దీన్ గోడవైపు తిరిగి చెప్పాడు.

"ఫాతిమా పోయినంక ఇంట్ల బుక్క దిగుతలేదు భాయ్. పొద్దుగాల తిన, రాత్రి తిన. మధ్యాహ్నం నువ్వు వేళ్లు నాక్కుంట తింటుంటె, గది చూసుకుంట నేను రొట్టెన్నర తిందును. గంతకన్న దిగకపోవు. తిండి గురించి ఏం ఆలోచిస్తవని అడిగితివి. ఏం ఆలోచించనంటి. అబద్ధం చెప్పిన. పొద్దుగాల లేసిన కాన్నుంచి ఒంటిగంట ఎప్పుడైతదా అనే ఆలోచిస్త."

జలపతి తల దించుకున్నాడు. ఫాతిమాను మట్టి చేసిన రోజు తానూ అక్కడే ఉన్నాడు. అప్పటి నుంచి రోజూ ఎదురుగా కూర్చుని అతను మిగిల్చిన అర రొట్టెను చూస్తూనే ఉన్నాడు. దానికి నిగ్రహమని పేరు పెట్టి, నేర్చుకోవడానికి కూడా బయల్దేరాడు. సిగ్గుతో అతనికి ఏడుపొచ్చింది. కాలు పోతుందని ఇన్ని రోజులు భయపడ్డప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు.

ఎలాగూ వచ్చాడు కదా అని డాక్టరమ్మ జలపతి రక్తం కూడా తీయించింది. రెండు కిలోలు తగ్గాడు. షుగర్ మాత్రం గీత దాటింది. "ఆరు దినాలు ఉపాసం ఉంటే ఆగేది కాదు ఇది. రావాల్సి ఉండె, అచ్చింది," అంటూ ఆమె చీటీ మీద మాత్రలు, తినాల్సిన కొలత రాసిచ్చింది. జలపతి ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో వసంత సంగతంతా విని, ఆ చీటీ రెండుసార్లు చదివి, కొలువు పోలేదు కదా అని ఒక నిట్టూర్పు, షుగర్ వచ్చింది కదా అని ఒక నిట్టూర్పు విడిచింది.

మళ్లీ సోమవారం నాలుగు గిన్నెల క్యారియర్ వచ్చింది. అందులో రెండు హబీబుద్దీన్‌వి. జలపతికి డాక్టరమ్మ రాసిచ్చిన కొలత ప్రకారం రెండు చిన్న జొన్నరొట్టెలు, ఆకుకూర. తాను ముందే ముగిస్తే ఎదుటి మనిషి లేచిపోతాడు. అందుకని ఆ రెండు రొట్టెలనూ చిన్న చిన్న ముక్కలుగా తుంచి, ఒక్కో ముక్కను నమిలి నమిలి, మధ్యలో వంకాయ రుచి గురించీ గేటు దగ్గరి కుక్కల గురించీ మాట్లాడుతూ, ముప్పావుగంట గడపడం నేర్చుకున్నాడు. చివర్లో వేళ్లు కూడా నాకాడు. వేళ్లకు ఏమీ అంటలేదు గానీ హబీబుద్దీన్ అది చూసి ఇంకో రొట్టె తీసుకున్నాడు. మొగిలవ్వ మాత్రం ఎవరి మాటా నమ్మలేదు. రోజూ గంప దించే ముందు జలపతి బల్ల కిందికి వంగి రెండు కాళ్లూ ఉన్నాయో లేదో చూసుకునేది.

రెండు నెలల్లో జలపతి తగ్గిన కిలోలన్నీ హబీబుద్దీన్‌కు చేరాయి. షుగర్ మాత్రం జలపతి దగ్గరే ఉండిపోయింది.