లిఫ్టు మెకానిక్‌గారి వాకర్

ఆ రోజు పొద్దున వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికి కారెక్కడం, పదకొండుకు ఆసుపత్రి మూడో అంతస్తులో ఫిజియోథెరపీ డాక్టరమ్మ ముందు ఎవరి సాయం లేకుండా ముప్పై అడుగులు నడిచి చూపించడం, భోజనం వేళకు ఇల్లు చేరడం. ఇందులో తేడా రావడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆ ఇంట్లో ఒక రిటైరైన లిఫ్టు మెకానిక్‌గారు ఉన్నారని తెలిసినవాళ్లు మాత్రం అనుకోరు.

నడవాల్సింది ఆయన భార్య. ముప్పై ఆరేళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి, ఎంత వాగుడుకాయనైనా ఒక్క చూపుతో నోరు మూయించిన మనిషి. మూడు నెలల కిందట బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది, ఇంటికి వాకర్ వచ్చింది. ఈ పరీక్షలో నెగ్గకపోతే మర్నాటి నుంచి తల్లికి తోడు మనిషిని పెట్టేస్తానని కూతురు ఖరాఖండిగా చెప్పేసింది. డాక్టరమ్మ పదకొండున్నరకు వెళ్లిపోతే మళ్లీ రెండు వారాలు సెలవు కాబట్టి వాయిదాకు కూడా వీల్లేదు. ఆ తోడు మనిషి ముందే ఒకసారి వచ్చి ఇల్లు చూసుకుంది. ఉన్న పావుగంటా తన తోడికోడలి సంగతులు ఊపిరి తీసుకోకుండా చెప్పి వెళ్లింది.

"ఆవిడ రోజంతా నా పక్కన కూర్చుంటే నేనిక పుస్తకం ముట్టుకున్నట్టే!" అన్నారు లైబ్రేరియన్‌గారు. "నా ఇంట్లో నేను నడవాలి, ప్రశాంతంగా నాలుగు పేజీలు చదువుకోవాలి. ఇంతకంటే ఏం అడిగానండీ?"

మెకానిక్‌గారికి భార్య బాధ అర్థమైంది. ఆయనకు ఎవరి బాధ అర్థమైనా చేతిలోకి స్క్రూడ్రైవర్ వస్తుంది.

ఆసుపత్రివాళ్లు అంటగట్టిన వాకర్ బట్టలారేసుకునే స్టాండులా ఉండేది. ఆయన దాని ముందు కాళ్లకు చప్పుడు చేయని చక్రాలు బిగించారు. పిడి మీద చెయ్యి పడగానే వెలిగి నేల మీద నాలుగడుగుల దూరం చూపించే లైటు పెట్టారు. పుస్తకానికి ఒక అర, కళ్లజోడుకు ఒక కొక్కెం, అలిసిపోతే కూర్చోవడానికి మడత పీట. అన్నీ పాత లిఫ్టుల నుంచి విప్పి దాచుకున్న సామానుతోనే. ఎక్కడా ఒక్క వైరు బయటికి కనబడదు, ఒక్క స్క్రూ చేతికి గీసుకోదు. కొట్లో దొరికే వాకర్లు దాని కాలిగోటికి సరిపోవు. జన్మంతా పైకీ కిందికీ పోయేవాటితోనే కుస్తీపట్టిన మనిషి, ముందుకు పోయేదాన్ని ఇంత ముచ్చటగా తయారుచేశారంటే చేతులెత్తి దండం పెట్టాల్సిందే.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. బరువంతా చేతుల మీద వేయొద్దు, కాళ్ల మీద వేయాలని డాక్టరమ్మ పదేపదే చెప్పింది కదా అని, ఆయన పిడుల కింద స్ప్రింగులు పెట్టి వాటికి ఒక పాత లిఫ్టులోని గొంతు పెట్టె తగిలించారు. చేతులతో గట్టిగా అదిమితే చాలు, ఒక ఆడగొంతు తియ్యగా పలుకుతుంది. "బరువు ఎక్కువైంది. దయచేసి ఒకరు దిగండి."

"ఒకరు దిగడమేమిటండీ? దీన్ని పట్టుకున్నది నేనొక్కదాన్నే కదా!"

"మొదటి ముక్కే నీకు. రెండోది తీసెయ్యడం కుదర్లేదు. ఊళ్లో సగం లిఫ్టుల్లో ఇదే గొంతు, పట్టించుకోకు."

ఆవిడ బాగా పట్టించుకున్నారు. ఇంట్లో మరో గొంతు మోగడం భరించలేక నాలుగు రోజుల్లో చేతులు తేలిక చేసి కాళ్ల మీద నిలబడ్డారు. పెట్టె మూగబోయింది. దాని సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర వాళ్లిద్దరినీ దింపి కూతురు కారు పెట్టడానికి వెళ్లింది. పదిమంది ఎక్కే లిఫ్టులో వీళ్లిద్దరితో కలిపి తొమ్మిదిమంది అయ్యారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. లైబ్రేరియన్‌గారికి లిఫ్టంటే హడల్. పెళ్లయిన నాటి నుంచి రోజూ రాత్రి భోజనాల దగ్గర ఏ లిఫ్టు ఎక్కడ ఇరుక్కుందో, ఏ తాడు ఎలా తెగబోయిందో పూసగుచ్చినట్టు విన్న మనిషి ఆవిడ. లోపల కాలు పెట్టగానే వాకర్‌ను రెండు చేతులతో శక్తికొద్దీ అదిమి పట్టుకున్నారు.

"బరువు ఎక్కువైంది. దయచేసి ఒకరు దిగండి."

అందరూ చేతికర్ర పట్టుకుని నిలబడిన ఒక భారీకాయుడి వైపు చూశారు. ఆయన ముఖం కందగడ్డలా చేసుకుని దిగిపోయారు. గొంతు మళ్లీ పలికింది. ఫైళ్ల కట్టతో ఉన్న నర్సు దిగింది. మళ్లీ పలికింది. పక్కనుంచి మనుషులు తోసుకుంటూ దిగేకొద్దీ లైబ్రేరియన్‌గారి పట్టు బిగిసింది. పట్టు బిగిసేకొద్దీ ఇంకొకరు దిగారు.

నిజానికి అక్కడ మెకానిక్‌గారికి అనుమానం రావాలి. తన చేతులతో తగిలించిన పెట్టె అది. కానీ నలభై ఏళ్ల ఉద్యోగంలో లిఫ్టు లోపల ఆ గొంతు వినబడితే అది లిఫ్టుదే. చెవిలో పడగానే ఆయన భర్త కావడం మానేసి మెకానిక్ అయిపోయారు.

"ముగ్గురున్నా ఎక్కువైందంటోందంటే ఇది ప్రమాదం బాబూ! దింపెయ్, అందర్నీ దింపెయ్!" అని లిఫ్టు ఆపరేటరును గద్దించారు. ఆపరేటరుకు ఆయన జేబులోని టెస్టరు చూడగానే గురి కుదిరింది. 'లిఫ్టు పనిచేయదు' అన్న అట్ట తగిలించాడు.

పక్క లిఫ్టులోనూ అదే తంతు. మెకానిక్‌గారు గోడకు చెవి ఆనించి విని, "రెండింటికీ ఒకే జబ్బు. కంపెనీవాళ్లు వచ్చి సంతకం పెట్టేదాకా కదిలించొద్దు," అని తీర్పు చెప్పారు. ఆపరేటరు దానికీ తాళం వేసేశాడు. హాల్లో యాభైమంది పోగయ్యారు. అప్పుడే వచ్చిన కూతురు గడియారం చూసింది. పదకొండు కావస్తోంది.

"అమ్మా, వీల్‌చైర్ తెప్పిస్తానుండు. ర్యాంపు మీదుగా తోసుకెళ్తాను."

"వీల్‌చైర్లో పోతే డాక్టరమ్మకు ఏం చూపించమంటావే? కుర్చీ బాగా నడుస్తోందనా?" అని లైబ్రేరియన్‌గారు వాకర్‌ను ర్యాంపు వైపు తిప్పారు.

లిఫ్టులు వచ్చాక ఆ ర్యాంపును వాడేవాళ్లు లేరు. బల్బులన్నీ మాడిపోయి లోపల చీకటి గుయ్యారంగా ఉంది. ఆవిడ పిడుల మీద చేతులు వేయగానే లైటు వెలిగింది. ఆ వెలుగు చూసి చేతికర్రలవాళ్లు ఒక్కొక్కరే వెనక చేరారు. అందరికంటే ముందు భారీకాయుడు, చివర ఫైళ్ల నర్సు. "ఇక్కడ గచ్చు పెచ్చులూడింది, చూసుకోండి," అని ఆవిడ ముందు నుంచి చెప్పడం, ఆ మాట వరసగా వెనక్కి పోవడం. ఎవరూ అనవసరంగా మాట్లాడలేదు. ప్రతి మలుపులో మడత పీట దించుకుని కాసేపు కూర్చున్నారు, మళ్లీ లేచారు. మూడు నెలల కిందట మంచం మీద పక్కకు కూడా తిరగలేని మనిషి ఆవిడ. వెనక రెండు చేతులూ చాపుకుని నడుస్తున్న కూతురికి కళ్లనీళ్లు ఆగలేదు.

రెండో అంతస్తు మలుపులో ఆవిడ కాలు కాస్త తడబడింది. చేతులు పిడులను అదిమాయి.

"బరువు ఎక్కువైంది. దయచేసి ఒకరు దిగండి."

వెనక వరసంతా ఆగిపోయింది. దరిదాపుల్లో లిఫ్టు లేదు.

"అయితే నా బరువు కాదన్నమాట!" అన్నారు భారీకాయుడు, మనసు తేలికపడి.

లైబ్రేరియన్‌గారు వెనక్కి తిరిగి భర్తను చూశారు. పుస్తకంలో బొమ్మలు చింపుకున్నవాణ్ణి చూసే చూపు అది. "వెళ్లండి. వెళ్లి ఆ ఆపరేటరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి రండి. నేను ఇంత దూరం వచ్చి వెనక్కి దిగను."

మెకానిక్‌గారు దిగారు. తప్పు ఒప్పుకున్నారు, చెవులు కూడా పట్టుకున్నారు. ఆపరేటరు తల అడ్డంగా ఊపాడు. "మీరు చెప్పినట్టే కంపెనీకి కబురు పెట్టానండీ. ఇప్పుడు వాళ్ల సంతకం లేకుండా ఎలా తీస్తాను?" తన మాటే తనకు అడ్డం తిరగడంతో ఆయన మళ్లీ కింద నుంచి మొదలుపెట్టారు, ఈసారి చీకట్లో గోడ పట్టుకుని.

పైన డాక్టరమ్మ చప్పుడు విని గదిలోంచి బయటికొచ్చింది. ముందు ఒక లైటు, దాని వెనక లైబ్రేరియన్‌గారు, ఆవిడ వెనక ఇరవై చేతికర్రలు.

"లిఫ్టులు ఆగిపోయాయన్నారే! ఎలా వచ్చారమ్మా?"

"నడిచి."

డాక్టరమ్మ ఫైలు మూసేసింది. "నేను ముప్పై అడుగులు అడిగాను, మీరు మూడు అంతస్తులు చూపించారు. నేను పెట్టాల్సిన పరీక్ష ఇంకేం లేదు." తర్వాత వాకర్ ముందు వంగి లైటు వెలిగించి చూసింది, అర తట్టి చూసింది, పిడులు అదిమి ఆ గొంతు పలికించి చూసింది, పీట దించి తనే కూర్చుని చూసింది. "ఇది ఎక్కడ కొన్నారు?"

"కొనలేదండీ. మా ఆయన చేశారు," అన్నారు లైబ్రేరియన్‌గారు. ఎంత కోపం మీద ఉన్నా ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో గర్వం దాగలేదు.

"ఆ గొంతొకటి తీసేస్తే ఇలాంటివి మా వార్డుకు పది కావాలి. మీకు మాత్రం ఇక దీంతో పని లేదు, చేతికర్ర చాలు."

"నా కర్రకు కూడా అలాంటి లైటు పెట్టించండమ్మా," అని భారీకాయుడు అర్జీ పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే ర్యాంపు చివర మెకానిక్‌గారు తేలారు. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి మోకాలి మీద. డాక్టరమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఇలా ముప్పై అడుగులు నడవండి."

"నేను పేషెంటును కాదమ్మా."

"నడవండి."

తొమ్మిది అడుగులు ఆయనవి. పదో అడుగుకు చెయ్యి భారీకాయుడి భుజం మీద పడింది. డాక్టరమ్మ కొత్త కాగితం తీసి గబగబా రాసింది. రెండు మోకాళ్లూ వాచాయి, ఆరు వారాలు వాకర్ లేకుండా కదలకూడదు, పక్కన రోజంతా ఒక మనిషి ఉండాలి.

కూతురు ఫోను తీసి తల్లి వైపు తిరిగింది. "ఆ తోడు మనిషికి వద్దని చెబ్దామనుకున్నానమ్మా. పోనీ, నాన్న కోసం రమ్మననా?"

లైబ్రేరియన్‌గారు డాక్టరమ్మ ఇచ్చిన కొత్త చేతికర్ర నేలకు ఆనించి నిటారుగా నిలబడ్డారు. వాకర్‌ను నెమ్మదిగా భర్త ముందుకు జరిపారు.

"ఎవర్నీ రమ్మనకు. ఆయన్ని నేను చూసుకుంటాను."

అలా తోడు మనిషి ఉద్యోగం ఆ పూటే, ఆ ఇంట్లోనే భర్తీ అయిపోయింది.