పడమటి సూర్యుడి కేసు

అక్టోబరు పద్నాలుగు. ఆ మధ్యాహ్నం మేం తిన్నది మా ఊరు ఒలొమౌట్స్‌కి పేరు తెచ్చిన కంపు జున్ను, ఉల్లిపాయ, రొట్టె. మూతి తుడుచుకుని, డిటెక్టివ్‌నని చెప్పుకునే నా మిత్రుడు ఓటకర్ ప్రకటించాడు:

"ఒరేయ్ రాదిమ్, నా పేరు వింటే ఈ ఖండంలో నేరస్థులంతా నిద్రలో ఉలిక్కిపడతారు!"

"నిద్రలో ఎలా వింటార్రా?"

ట్రామ్ కండక్టరుగా రిటైరైన వాడికి ఇంతవరకూ దొరికినవాళ్లు టికెట్టు లేని ప్రయాణికులే. అయినా నక్షత్రశాలకి వెంట తీసుకెళ్లాను. ఒంటరిగా దిగులుపడటం కంటే నయం.

నా భార్య లిబూషె పోయేముందు సి అనే కంప్యూటరు భాషలో ఓ చిన్న లైబ్రరీ, అంటే లెక్కలు చేసిపెట్టే ప్రోగ్రాం ముక్క, రాసింది. గుమ్మటం మీద సూర్యుడు ఎక్కడ పొడవాలో లెక్కగట్టేది అదే. ఆ రాతలో మార్పు జరిగినప్పుడల్లా దాన్ని కంప్యూటరు నడపగల ఫైళ్లుగా తయారుచేసే 'బిల్డ్' ఏర్పాటు నేను రాశాను. పొద్దున నక్షత్రశాల పాత కంప్యూటర్లో ఒకసారి తయారుచేసి, అంతా నా లాప్‌టాప్‌లోకి తెచ్చుకున్నాను. తీరా చూస్తే సూర్యుడు పడమట పొడిచాడు. లెక్కలో ఓ మైనస్ గుర్తు జారిపోయింది. దిద్దాను. మళ్లీ పడమరే!

"రేపు బడిపిల్లలొస్తారు, రాదిమ్ గారూ," అంది నక్షత్రశాల నడిపే ద్రహోమీర. "సాయంత్రంలోగా కుదరకపోతే లిబూషె గారిది తీసేసి, కొన్న ప్రోగ్రాం పెట్టాల్సిందే. నాకూ బాధే."

మళ్లీ బిల్డ్ నడిపాను. "చేయాల్సిన పనేమీ లేదు" అంది తెర.

"చూశావా! యంత్రం నోరు నొక్కేశారు!" ఓటకర్ ద్రహోమీర వైపు తిరిగాడు. "మేడమ్, సూర్యుణ్ణి పడమటికి ఎత్తుకెళ్లినప్పుడు మీరెక్కడున్నారు?"

"గుమ్మం దగ్గర. టికెట్లు చింపుతున్నా."

"టికెట్ల సంగతి నా దగ్గరా!"

వేలిముద్రల కోసం జేబులోంచి పొట్లం తీసి కీబోర్డు మీద గోధుమపిండి చల్లాడు. ఆపైన తుమ్మాడు. మా ముగ్గురికీ జుట్టు నెరిసింది. కంగారులో కోటు చేత్తో మీటలన్నీ బరబరా తుడిచాడు. తెర మీద, తయారైన ఫైళ్లున్న ఫోల్డరు కాస్తా మాయమైంది.

"సాక్ష్యం చెరిపేశావు కదరా!" అని తల పట్టుకుని, దిక్కులేక మళ్లీ బిల్డ్ నడిపాను. ఈసారి అది గబగబా పనిచేసింది. గుమ్మటం మీద తూర్పున ఎర్రబడింది.

అప్పటికి నాకు వెలిగింది. పాత కంప్యూటరు గడియారం రెండేళ్లు ముందుంది. పొద్దుటి ఫైళ్ల మీద ఎప్పుడో రాబోయే తేదీ పడింది. తేదీలు చూసి పనిచేసే బిల్డ్, నా దిద్దుబాటు వాటికంటే పాతదనుకుని ముట్టుకోలేదు. ఆ పొద్దుటి ఫైళ్లు పోయేసరికి అన్నీ కొత్తగా చేయక తప్పలేదు.

"తుమ్ము కూడా నా పథకంలో భాగమే," అన్నాడు ఓటకర్.

"అవున్రా నాయనా, అవును."

"ఇదే ఉంచుతున్నానండీ," అంది ద్రహోమీర, పిండి దులుపుకుంటూ.

లిబూషె సూర్యుడు తొందరేమీ లేకుండా నడినెత్తికి వచ్చి, అటు దిగిపోయేదాకా ముగ్గురం కుర్చీల్లో వెనక్కి వాలి చూశాం. పూర్తిగా చీకటిపడ్డాక ద్రహోమీర మమ్మల్ని బయటికి పంపి, తలుపు చప్పుడు కాకుండా మూసింది.