నిలబడి తిన్నది భోజనం కాదు

మనిషి చెడిపోయేది కూర్చుని తిన్నప్పుడే. నవ్వకండి, చట్టంలో ఉన్న మాటే చెబుతున్నాను. అమెరికా మ్యాపును మడిస్తే సరిగ్గా మడతలో పడే మా రాష్ట్రంలో పదకొండేళ్లుగా అవినీతి అన్నదే లేదు. ఎందుకు లేదు? మా శాసనసభ్యులు నిలబడి తింటున్నారు కాబట్టి!

ఈ ఘనత సెనేటర్ ఆర్డిస్ టాలెఫ్‌సన్‌ది. ఈ మాట ఆవిడ ముందు అంటే మాత్రం నన్ను నమిలి మింగేస్తుంది. అయినా సరే, విలేకరిగా నిజం చెప్పడం నా ధర్మం.

ఆర్డిస్ రాజకీయాల్లోకి రాకముందు తూనికల ఇన్‌స్పెక్టరు. రైతుల దగ్గర గోధుమలు కొనే గిడ్డంగుల్లో కాటాలు తనిఖీ చేసేది. ఇరవై రెండేళ్లలో ఏ గిడ్డంగిలోనూ కప్పు కాఫీ ముట్టుకోలేదు. ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుని ట్రక్కులో కూర్చుని తాగేది. ఇంత మంచి మనిషిని ఊళ్లో ఉంచుకోవడం కష్టమనుకున్నారో ఏమో, జనం ఆవిడను సెనేటుకు పంపించారు.

వెళ్లిన మొదటి నెలలోనే ఆవిడకు ఒక సంగతి అర్థమైంది. బిల్లులు పుట్టేది సభ వెనక వీధిలోని స్టేక్ హోటల్లో. సభలో జరిగేది బారసాల మాత్రమే. పందుల పెంపకం కంపెనీల తరఫున సభ్యుల చుట్టూ తిరగడమే ఉద్యోగంగా గల మెర్ల్ ప్రుషా అనే పెద్దమనిషి, ఒక్కొక్కరికీ పళ్లెమంత మాంసం ముక్క తినిపించి, అది అరిగేలోగా ఓటు వేయించుకునేవాడు. మెర్ల్ చాలా మర్యాదస్తుడు. మీ పిల్లల పేర్లు మీకన్నా ఆయనకే బాగా గుర్తుంటాయి.

ఆర్డిస్ ఒక్క వాక్యంతో బిల్లు పెట్టింది. సభలో పని ఉన్నవాళ్లు పెట్టే భోజనం సభ్యులు తినకూడదు. అంతే! ఏడేళ్లు, ఏడుసార్లు కమిటీలో ఆ బిల్లును పాతిపెట్టారు. ఎనిమిదో ఏడు ఓటింగు జరుగుతుండగా ఒక సభ్యుడు స్టేక్ హోటల్లో మెడకు రుమాలుతో గుర్రుపెడుతున్న ఫొటో పత్రికల్లో వచ్చింది. జనానికి కోపం వచ్చింది. ఇక తప్పదని సభ ఆ బిల్లును పాస్ చేసింది, చిన్న సవరణతో. నిలబడి తిన్నది భోజనం కాదు.

ఆర్డిస్ ఆ సవరణకు ఒప్పుకుంది. అది మా గోధుమ ఊళ్లవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. మా వైపు కోతల రోజుల్లో ఊపిరి సలపకపోయినా, యంత్రం ఆపి, ట్రక్కు వెనక తలుపు దించి, దానిమీద కూర్చునే తింటారు. నిలబడి తినేది గుర్రం. మనిషి అలా ఎంతసేపు తింటాడు? రెండు ముక్కలు నోట్లో వేసుకుని, కాళ్లు పీకగానే ఇంటికి పోతాడు అనుకుంది పాపం.

సోమవారం చట్టం అమల్లోకి వచ్చింది. మంగళవారం స్టేక్ హోటల్లో ఒక్క కుర్చీ లేదు.

వాటి బదులు ఛాతీ ఎత్తు బల్లలు వచ్చాయి. మాంసం ముక్కలకు టూత్‌పిక్‌లు గుచ్చారు. సూప్ గ్లాసుల్లోకి మారింది. ఐస్‌క్రీమ్‌ను పుల్లకు గుచ్చిన మహానుభావుడు ఎవరో గానీ, అతనికి విగ్రహం పెట్టాలి, అదీ నిలబడి ఉన్న విగ్రహమే!

లాభాలు చూడండి. మా సభ్యుల పిక్కలు సైకిలు తొక్కేవాళ్ల పిక్కల్లా తయారయ్యాయి. ముందు ఒక్క విందుకే వెళ్లగలిగిన సభ్యుడు ఇప్పుడు ఒకే సాయంత్రం నాలుగు విందులకు వెళ్లగలుగుతున్నాడు, ఎందుకంటే లేవాల్సిన పని లేదు. రాజధానిలో చెప్పుల షాపులు రెండుంటే ఐదయ్యాయి. ఇన్ని మేళ్లు చేసిన చట్టం ఇంకోటి ఉందా?

ఇక మా నైతిక విలువల కమిటీ! తొమ్మిదిమంది సభ్యులు రాత్రింబవళ్లు మెదడు కరిగించారు. గోడకు ఆనుకుంటే కూర్చున్నట్టా? గోడ తీసేస్తే పడిపోయేంతగా ఆనుకుంటే కూర్చున్నట్టే అని తేల్చారు. కిటికీ గట్టు మీద ఒక పిరుదు ఆనిస్తే? నిలబడినట్టే, రెండోది గాల్లో ఉన్నంతసేపు. ఇలాంటి తీర్పులు అరవై దాకా ఉన్నాయి. పదకొండేళ్లలో ఒక్కరికీ శిక్ష పడలేదు. అంత నీతిగా ఉన్నారు మరి.

ఇంత సుఖంగా ఉన్నచోట ఆర్డిస్ ఈ ఏడాది మళ్లీ పుల్ల పెట్టింది. ఆ సవరణను కొట్టేయాలని ఇంకో బిల్లు! పదవీకాల పరిమితి వల్ల ఆవిడకు ఇదే ఆఖరి సమావేశం. ఇప్పుడు పోతే మళ్లీ తెచ్చేవాళ్లు లేరు. ఇంటింటికీ, గదిగదికీ తిరిగి, చెప్పుల షాపులకు ఆవిడా కొంత మేలు చేసి, సరిగ్గా సరిపోయేటన్ని ఓట్లు కూడగట్టింది. తన ఓటుతో కలిపి. ఒక్కటి తగ్గినా అంతే సంగతులు.

అప్పుడే ఓపల్ కుబిక్ గారి కోడి నూడుల్స్ వ్యవహారం బయటపడింది.

ఓపల్ గారికి ఎనభై ఆరేళ్లు. ఒకప్పుడు బడిలో వంటమనిషి. ఆవిడ ఇంటి పక్కన పందుల షెడ్లు వచ్చాక బావినీళ్లు కంపు కొడుతున్నాయని సభ ముందు వచ్చి చెప్పుకుంది. ఆర్డిస్ ఆ బావి చూడ్డానికి వెళ్లింది. మధ్యాహ్నమైంది. ఓపల్ గారు పొద్దున్నుంచీ పిండి కలిపి, నూడుల్స్ కోసి, కోడితో ఉడికించి, బంగాళాదుంప ముద్ద మీద వడ్డించి, ఎదురెదురుగా రెండు పళ్లేలు పెట్టింది. గిడ్డంగుల్లో కాఫీ ముట్టని ఆర్డిస్, ఆ ముసలావిడ ముఖం చూసి కాదనలేక, కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ ఆదివారం చర్చిలో ఓపల్ గారు సంతోషం పట్టలేక, సెనేటరు మా ఇంట్లో కూర్చుని మళ్లీ పెట్టించుకుంది తెలుసా అని అందరికీ చెప్పింది. బుధవారానికల్లా నైతిక విలువల కమిటీకి ఫిర్యాదు వచ్చింది. ఓపల్ గారు సభలో పని ఉన్న మనిషి. చట్టం చట్టమే.

విచారణకు ముందు వరండాలో మెర్ల్ మర్యాదగా ఆర్డిస్‌ను పక్కకు పిలిచి, బిల్లు వెనక్కి తీసుకుంటే ఫిర్యాదు కూడా వెనక్కి వెళ్తుందన్నాడు. ఆర్డిస్ ఆయన్ని దాటుకుని లోపలికి నడిచింది.

కమిటీ ఛైర్మన్ మంచివాడే. ఆవిడను తప్పించడానికి చూశాడు.

"ఆర్డిస్ గారూ, బాగా గుర్తుచేసుకోండి. మీరు కూర్చున్నారా, లేక కుర్చీ దగ్గర నిలబడ్డారా?"

వెనక వరసలోంచి ఓపల్ గారు, నిలబడే తిందని నేను ప్రమాణం చేస్తాను బాబూ అంటూ లేవబోయింది.

"వద్దు ఓపల్ గారూ, కూర్చోండి," అంది ఆర్డిస్. ఛైర్మన్ వైపు తిరిగింది. "కూర్చున్నానండీ. రెండోసారి పెట్టించుకున్నాను కూడా. ఆ చట్టం రాసింది నేను. నాకోసం అబద్ధం ఎలా ఆడమంటారు?"

కమిటీ తొమ్మిది చేతులూ ఒక్కసారే లేచాయి. ఈ సమావేశం ముగిసేదాకా ఆవిడకు ఓటు లేదు. పదకొండు గంటలకు సభలో బిల్లు ఒక్క ఓటుతో పోయింది.

చట్టం పనిచేయదన్నది ఎవరు? పదకొండేళ్లలో తొలి శిక్ష పడింది! మా రాష్ట్రంలో పట్టుబడ్డ ఏకైక అవినీతిపరురాలు ఆర్డిస్ టాలెఫ్‌సన్ అని చరిత్రలో రాసుకోండి.

ఇక్కడితో ముగిస్తే నా వాదన చక్కగా గెలిచేది. కానీ ఇంకో చిన్న విషయం ఉంది.

శిక్ష కాగితం మీద సంతకాలకు కమిటీ పన్నెండింటికి మళ్లీ అదే గదికి వచ్చింది. ఓపల్ గారు ఇంకా వెళ్లలేదు. విచారణ ఎంతసేపవుతుందో, జనం ఆకలితో ఉంటారేమోనని పొద్దున్నే వండి, మూత పెట్టిన పెద్ద గిన్నె తెచ్చుకుంది. తీరా చూస్తే తన వంట వల్లే ఆర్డిస్ ఓటు పోయింది. కళ్లు తుడుచుకుంటూనే మూత తీసింది. గదంతా కోడి నూడుల్స్ వాసన.

"రండి బాబూ, అందరికీ సరిపోతుంది. కానీ కూర్చుంటేనే పెడతాను. మనిషిని నిలబెట్టి అన్నం పెట్టడం నాకు చేతకాదు."

తొమ్మిదిమందీ, పొద్దున్న ఏ కుర్చీల్లో కూర్చుని తీర్పు చెప్పారో ఆ కుర్చీల వెనకే నిలబడిపోయారు. ఒక్కరూ కూర్చోలేదు. ఆర్డిస్‌కు ఇక పోయేదేమీ లేదు. కూర్చుని పళ్లెం చాపింది.

ఆవిడ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఓపల్ గారు నన్ను చూసి, నువ్వైనా రా నాయనా అంది. విలేకరులకు ఈ చట్టం వర్తించదు. నన్ను ఆపేవాళ్లు లేరు. తలుపు దగ్గర మెర్ల్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆ సాయంత్రం స్టేక్ హోటల్లో ఆయన విందుంది. పదకొండేళ్లుగా నేను ఒక్కటీ వదల్లేదు, ఒక్క ముక్కా రాయలేదు. ఒక చేతిలో ప్లేటు, ఒక చేతిలో గ్లాసు ఉంటే కలం పట్టుకోవడం ఎలా కుదురుతుంది చెప్పండి?

ఆకలిగా లేదండీ అన్నాను, నిలబడే.