పెళ్లి ఎంక్వైరీలో మొదటి ర్యాంకు

ఇందుమూలముగా సకల జనులకు తెలియజేయడమేమనగా, ఫోనులో 'ప్రసన్నకుమార్, చిలకలూరిపేట' అని వెతికితే మొదటి పేజీ నిండా వచ్చేది నేనే. రెండో పేజీలో మరో ప్రసన్నకుమార్ ఉన్నాడు. ఆయన నిజంగానే ఏదో సాధించినవాడట, పాపం. ఆయన్ని రెండో పేజీకి పంపింది కూడా నేనే.

వెతుకులాటలో వెబ్‌సైట్లను ముందు వరసలో నిలబెట్టడం నా వృత్తి. దీన్ని ఎస్‌ఈవో అంటారు. వెతికేవాడికి మనం ముందు కనబడాలి, అంతవరకే నా బాధ్యత. వాడికి కావలసింది దొరకడం వేరే శాఖ చూసుకుంటుంది. ఒక కోల్డ్ స్టోరేజీ పేజీలో 'గుంటూరు మిర్చి' అన్న మాటను ఎన్నిసార్లు రాశానంటే, చదివినవాళ్లకు తుమ్ములొచ్చాయి గానీ కోల్డ్ స్టోరేజీ ఏ రోడ్డులో ఉందో తెలియలేదు. పళ్ల డాక్టరుగారి పేజీలో 'నొప్పి' ఎక్కువైపోయి, చుట్టుపక్కల ఊళ్ల మోకాళ్లనొప్పులవాళ్లంతా ఆయన గుమ్మం ముందు వరసకట్టారు. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. జనం వచ్చారు కదా.

మా నాన్న మరియదాసు జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసి నన్ను చదివించాడు. ఆయన పోయాక ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. అమ్మ ఎలీసమ్మకు నా పని గురించి చాలాసార్లు వివరించాను. ఆమె వీధిలో చెప్పేది మాత్రం ఒకటే. "మావాడు పొద్దస్తమానం అందులో ఎతుకుతా ఉంటాడమ్మా. ఏం పోయిందో మటుకు చెప్పడు."

ఇలా దేశసేవలో మునిగి ఉండగా నాకో సంబంధం వచ్చింది. అమ్మాయిది సింగరాయకొండ, పేరు జాస్మిన్. ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి మెడికల్ కోడింగ్ చేస్తుంది. పెద్దల అనుమతితో ఒకసారి వీడియో కాల్లో మాట్లాడుకున్నాం.

"మీ గురించి వెతికి చూశానండి. మీ గురించి అన్నీ మీరే రాసుకున్నారు కదా?" అని నవ్వింది.

ఇన్నేళ్లలో నన్నంత తొందరగా పట్టేసిన మనిషి లేదు. ఆ పిల్ల నాకు చాలా నచ్చింది. ఈ సంబంధం తప్పిపోతే తట్టుకోలేననిపించింది. ఇందులో అతిశయోక్తి లేదు. నా రాతల్లో ఇది అరుదు.

ఇక ఎంక్వైరీ మిగిలింది. మా వైపు ఆడపిల్లవాళ్లు తిన్నగా ఇంటికి రారు. ముందు టీ కొట్టుకు వస్తారు. టీ సగమయ్యాక, 'ఫలానా వాళ్లబ్బాయి ఎట్టాంటోడు బాబూ' అని తాపీగా అడుగుతారు. అక్కణ్ణుంచి సెలూను, సెలూను నుంచి చర్చి. మా తాతల కాలం నుంచీ నెట్టూ కరెంటూ లేకుండా నడుస్తున్న సెర్చ్ ఇంజిన్ ఇది. దీన్ని ఇంతవరకూ ఎవరూ ఆప్టిమైజ్ చేయలేదని కనిపెట్టిన మొదటి శాస్త్రవేత్తను నేనేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

వెంటనే పని మొదలుపెట్టాను. 'బుద్ధిమంతుడు, చెడు అలవాట్లు లేవు, సొంత వ్యాపారం, దైవభక్తి గల కుటుంబం.' ఈ ముక్కలను టీ కొట్టు మాబు సాహెబుకూ, పునుగుల బండి పున్నమ్మకూ, సెలూను బాపయ్యకూ కంఠతా పట్టించాను. మంచివాళ్లు, కాదనలేదు. ఫలితాలు అప్పటికప్పుడే కనబడ్డాయి. స్పిన్నింగు మిల్లుకు దారి అడిగిన లారీ డ్రైవరుకు మాబు సాహెబ్ నా బుద్ధి గురించి చెప్పాడు. గ్యాసు బండ తెచ్చిన అబ్బాయికి పున్నమ్మ నా అలవాట్ల గురించి చెప్పి పంపింది. బాపయ్య గడ్డం గీస్తూ చెప్పేవాడు. గొంతు మీద కత్తి ఉండగా ఎవరు మాత్రం కాదంటారు?

అయితే మా శాస్త్రంలో ఒక సూత్రం ఉంది. పరువున్న చోటి నుంచి మన పేరు వినబడితే దాని విలువ పదింతలు. అందుకని పాస్టరు జక్రయ్యగారిని బతిమాలి, ఆదివారం ప్రార్థన అంశాల్లో నా పెళ్లిని చేర్పించాను. ఆయన కళ్లు మూసుకుని, చేతులెత్తి, మైకు అదిరేలా ప్రార్థించారు.

"పరలోకమందున్న మా తండ్రీ, బుద్ధిమంతుడును, చెడు అలవాట్లు లేనివాడును, సొంత వ్యాపారము గలవాడును, దైవభక్తి గల కుటుంబమునకు చెందినవాడునైన నీ దాసుడైన ప్రసన్నకుమారును జ్ఞాపకము చేసికొనుము."

సంఘమంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను, కాస్త గట్టిగానే. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం కళ్లు తెరుచుకుని నావంకే చూస్తోంది.

ఆరాధన అయ్యాక ఆమే నా దగ్గరకు వచ్చింది.

"నేను జాస్మిన్ పెద్దమ్మను, లిడియా టీచర్ని. పొద్దున బస్సు దిగి టీ తాగాను, పునుగులు తిన్నాను, ఇప్పుడు ప్రార్థన విన్నాను. నేను నోరు తెరవకముందే అందరూ ఒకటే జవాబు చెప్పారు, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దాను నాయనా. క్లాసంతా ఒకేలా రాస్తే ఏం జరిగిందో నాకు తెలుసు."

మా శాస్త్రంలో దీన్ని డూప్లికేట్ కంటెంట్ అంటారు. దొరికినవాణ్ణి లెక్కలోంచి తీసేస్తారు. పరీక్ష హాల్లో స్లిప్పుతో పట్టుబడ్డ పిల్లాడిలా నిలబడ్డాను.

"వచ్చే ఆదివారం దాకా చూస్తాను. నువ్వు నేర్పకుండా, నీ గురించి సొంతంగా ఒక్క మాట చెప్పేవాళ్లుంటే నాతో ఫోనులో మాట్లాడించు. ఒక్కరు చాలు. లేదంటే ఈ మాట ఇంతటితో మర్చిపోదాం" అని ఆమె బస్సెక్కింది.

ఒక్కరు చాలట. నేను లోలోపల నవ్వుకున్నాను. పుట్టి పెరిగిన వీధి, ఒక్కరు దొరకరా?

మాబు సాహెబ్ "బుద్ధి..." అని మొదలెట్టి, నాలుక కరుచుకున్నాడు. "మీ నాయన గురించి అడుగు బాబూ, తెల్లార్లూ చెప్తా. నీ గురించంటే... నువ్వు టీ కూడా పార్సిలే కదా."

బాపయ్య అద్దంలో నన్ను జాలిగా చూశాడు. "నీ తల నాకు బాగా తెలుసు. లోపలేముందో ఎప్పుడన్నా చెప్పావా? చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటావు."

పక్కింటాయన్ని అడుగుదామని గుమ్మం దాకా వెళ్లాను. ఆయన పేరు గుర్తుకు రాక వెనక్కి వచ్చేశాను. అప్పుడు భయం వేసింది. జాస్మిన్ చేజారిపోతుందన్న భయం ఒక్కటే కాదు. దానికంటే పెద్దదేదో.

చివరికి పున్నమ్మే, మూకుడులో పునుగులు తిప్పుతూ, "ఆ ఫోనిట్టా ఇయ్యి, నాకు తెలిసింది నే చెప్తా" అంది. నంబరు కలిపి ఇచ్చాను.

"అమ్మా, నేను పునుగుల పున్నమ్మను. పిల్లోడు మంచోడో చెడ్డోడో నాకు తెలవదు. కరెంటు పోతే బయటికొస్తాడు. నా బండి కాడ నిలబడి, ఎట్టున్నావ్ పిన్నీ అంటాడు. కరెంటొస్తే, మాట మజ్జలో ఉన్నా సరే, లోపలికి పోతాడు. అంతే తెలుసు."

ఫోను తీసుకున్నాను. సంబంధం పోయిందనే అనుకున్నాను.

"ఇది కాపీ కాదు" అంది లిడియా టీచర్. తర్వాత నిట్టూర్చింది. "నిన్ను అనేముందు మా సంగతేంటో చూద్దామని నిన్న మా వీధిలో మా పిల్ల గురించి అడిగాను. కరెంటు పోతే మేడ మీద కనబడుతుందన్నారు. ఇంకేమీ చెప్పలేకపోయారు. మీ పాస్టరుగారితో తేదీ మాట్లాడుకోండి."

రెండు ఊళ్లు ఒకే జవాబు రాశాయి. కాపీ మాత్రం ఎవరూ కొట్టలేదు.

పెళ్లి వైభవంగా జరిగింది. వీధివాళ్లంతా చందాలు వేసుకుని, నలుగురి చేత మోయించుకుని ఒక పెద్ద పెట్టె తెచ్చారు. పాస్టరుగారు మైకులో ప్రకటించారు. "కరెంటు పోయినప్పుడెల్ల వీధిలో నిలబడి శ్రమపడుచున్న మన బిడ్డకు, వీధివారందరి ప్రేమకానుక, ఇన్వర్టరు." అందరూ చప్పట్లు కొట్టారు. మేమిద్దరం వంగి నమస్కారాలు చేశాం.

అది దివ్యంగా పనిచేస్తోంది. నేనొక గదిలో, జాస్మిన్ ఒక గదిలో, ఒక్క నిమిషం కూడా పని ఆగడం లేదు. పున్నమ్మ బండి వీధి మొదట్లో ఇంకా ఉందనే అనుకుంటున్నాను.

అన్నట్టు, మీ ఇంట్లో ఇన్వర్టరు పెట్టించి ఎన్నాళ్లయిందండీ?