రెండు ఎర్ర ప్యానెళ్ళూ ఒక కుడి భుజమూ

ఆ ఉదయం దర్జీ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రంలోగా తెల్ల కోట్లన్నీ కుట్టేయాలి. కుడుతూనే, తన కుడి భుజం నొప్పికి ఏ ఎర్రలైటు ప్యానెల్ మంచిదో తేల్చుకోవాలి. నచ్చనిదాన్ని దుకాణంలో తిరిగి ఇచ్చేయాలి.

కోట్లు ఒక ఆసుపత్రివి. ఇవి నచ్చితే ఇకమీదట అక్కడి బట్టలన్నీ మీకేనని పెద్ద నర్సు మాట ఇచ్చింది. పాత బట్టలు బిగించీ వదులు చేసీ నెట్టుకొస్తున్న ఆ ఇంటికి అంతకంటే పెద్ద ఆశ లేదు.

నొప్పి ఉన్నచోట ఎర్ర వెలుతురు పడేలా పెట్టుకునే ప్యానెళ్ళు రెండు దుకాణం నుంచి తెచ్చుకున్నాడు. ఒకటి తలుపు రెక్కంత ఉంది, రెండోది పుస్తకమంత.

"పెద్దదైతే వీపంతా కాస్తుంది," అన్నాడు మాస్టారు.

"నొప్పి భుజంలో అయితే వీపుకెందుకండీ? అది పెడితే గదిలో నేనెక్కడ నిలబడను?" అంది భార్య.

"బయట నిలబడు. నొప్పి నాది."

జేబులు కుట్టేటప్పుడు పెద్దది, కాలర్లు కుట్టేటప్పుడు చిన్నది పెట్టి చూస్తానని మాస్టారే తీర్పు చెప్పాడు. బయటి వెలుతురు కలిస్తే ఎర్రలైటు బలం తగ్గుతుందని తనకు తానే నిర్ణయించుకుని, కిటికీలు మూసి ట్యూబులైటు కూడా ఆర్పేశాడు.

ఎర్ర వెలుతురులో ఎరుపూ తెలుపూ ఒక్కలాగే కనబడతాయి. ఈ సంగతి ప్యానెల్‌తో వచ్చిన కాగితంలో లేదు. ముందురోజు ఎర్ర పరదాలు కుట్టిన రీలు మిషను మీదే ఉంది. మాస్టారు దాన్ని చూశాడు, తెల్లదే అనుకున్నాడు, మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

జేబులూ కాలరూ పూర్తయిన కోటునల్లా తలుపు సందులోంచి వంటింట్లోకి అందించాడు. గుండీలు కుట్టడం భార్య పని. తెల్ల కోటు మీద ఎర్ర కుట్లు చూసి ఆమె ఒక్క క్షణం ఆగింది. అయితే ఒకసారి, ఈ చొక్కా చేతులు పొడుగయ్యాయేమో అన్నందుకు ఆయన రోజుల తరబడి మూతి ముడుచుకున్నాడు. ఆ తరవాత ఆమె ఏదీ అడగడం మానేసింది. నర్సమ్మే చెప్పి ఉంటుందనుకుని, జేబులకు జోడు కుదిరేలా గుండీలు కూడా ఎర్ర దారంతోనే కుట్టింది.

ఇస్త్రీ అత్తగారి వంతు. ఆవిడ కోట్లను వరండాలో వేలాడదీసి, అడిగిన పక్కింటామెకు "కొత్త ఫ్యాషన్. మావాడికి తప్ప ఇంకెవరికీ రాదు," అని చెప్పింది. ఆ సంబరంలోనే కొడుకు గదిలోకి తొంగిచూసింది.

"ఒరేయ్, ఆ ఎరుపు భలే నప్పిందిరా!"

"లైటు వల్ల అలా కనబడుతుందమ్మా. ఆర్పితే పోతుంది."

"ఇస్త్రీ చేసినా పోలేదే!"

"కాసేపు బయట కూర్చో. కళ్ళు సర్దుకుంటాయి."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, "అమ్మాయ్, ఆ దారం దీపం ఆర్పితే రంగు మారుతుందట. ఎంత ఖరీదైనదో!" అంది.

కోడలు సూది కింద పెట్టి, తిన్నగా వెళ్ళి కిటికీ తెరిచింది. మాస్టారు ఒళ్ళోని కోటును చూసుకున్నాడు. ముఖం కోటు కంటే తెల్లబడింది.

"గుండీలకు కూడా ఎరుపేనా? చూసి కూడా అడగలేదేమే?"

"అడిగితే అలుగుతారు కదా."

"ఇలాంటివి అడగాలే!"

"ఎలాంటివి అడగాలో ముందే చెప్పండి మరి."

ముగ్గురూ కూర్చుని కుట్లు విప్పసాగారు. కుడి భుజం మొరాయిస్తే మాస్టారు బ్లేడు ఎడమ చేతికి మార్చాడు. సగం కోట్లకు తెల్ల దారం వేసేసరికి ఎడమ భుజం కూడా మూలగడం మొదలుపెట్టింది. అప్పుడే పెద్ద నర్సు వరండా ఎక్కింది.

చేతికందిన ఎర్ర కుట్ల కోటు తీసి అటూ ఇటూ తిప్పింది. మాస్టారు బ్లేడు కింద పెట్టి లేచాడు.

"అమ్మా, అది... పొరపాటున..."

"మా కోట్లు లాండ్రీలో పక్క ఆసుపత్రి వాళ్ళవాటితో కలిసిపోయి రోజూ గొడవే. వీటిని ఆమడ దూరం నుంచి గుర్తుపట్టొచ్చు. బాగా ఆలోచించారు మాస్టారూ!" అంది ఆమె. తరవాత లోపలికి చూసింది. "మరి వీటికి తెల్ల దారమేంటి?"

మాస్టారు నోరు తెరిచేలోగా తల్లి అందుకుంది. "ముందు తెల్లదానితో కుదిరిందో లేదో చూసుకుని, అది విప్పి ఎర్రది వేస్తాడమ్మా. మావాడి పద్ధతే అంత."

"అందుకే పని ఇంత బాగుంది. ఇక మా బట్టలన్నీ మీకే. ఇవి కూడా ఎర్రవి చేసి పొద్దున్నే పంపండి."

ఆమె వీధి మలుపు తిరిగాక, మాస్టారు అంతవరకూ వేసిన తెల్ల కుట్లన్నీ రెండు చేతులా విప్పాడు. ఎర్రవి మళ్ళీ వేశాడు. కిటికీ మాత్రం తెరిచే ఉంచాడు.

"దుకాణం కట్టేసేలోపు వెళ్ళాలి. తిరిగిచ్చేది ఏదండీ, పెద్దదా, చిన్నదా?" అని అడిగింది భార్య.

మాస్టారు వేలెత్తి చూపించబోయాడు. కుడి చెయ్యి లేవలేదు. ఎడమది కూడా లేవలేదు.

ఆమె ఇంకేమీ అడగకుండా ఒక్కో భుజానికి ఒక్కో ప్యానెల్ వెలిగించి, దారాల పెట్టెను తనతో తీసుకుపోయింది.