అరవైకి అటూ ఇటూ

కుంభకోణం బాలికల పాఠశాలలో లెక్కల మాస్టారు వైద్యలింగం క్రీడోత్సవం రోజు పొద్దున్నే ఇడ్లీలు తిని, కాఫీ తాగి, నిశ్చింతగా బయల్దేరాడు. చేయవలసింది చిన్న పని. అరవైమంది పిల్లల్ని నిలబెట్టి ఈల ఊదాలి. మొదటి ఈలకు ఆరు వరుసలు, వరుసకు పదిమంది. తర్వాత ఐదు వరుసల్లో పన్నెండేసి, నాలుగింట్లో పదిహేనేసి, చివరికి మూడింట్లో ఇరవయ్యేసి. అరవైకి పన్నెండు కారణాంకాలు. వంద లోపల ఏ సంఖ్యకూ అంతకు మించి లేవు. ఎవరితోనైనా కలిసిపోయే సంఖ్య అది. తనకు ఆ గుణం లేదు కాబట్టే కాబోలు, ఆయనకు దానిమీద అంత ప్రేమ.

శుక్రవారం ఆఖరి పీరియడు లెక్కలది. దాన్ని డ్రిల్లుకి ఇమ్మని డ్రిల్లు మాస్టారు ఆరోకియసామి ఏడాదిగా పోరుతున్నాడు. "డ్రిల్లంటే ఏముందండీ, భాగహారమేగా!" అని వైద్యలింగం ఒకరోజు నోరు జారాడు. "అయితే ఈసారి మీరే చేయించండి. బాగా వస్తే పీరియడు మీది, లేకపోతే ఆయనది" అంది హెడ్మిస్ట్రెస్ మంగైయర్కరసి.

మైదానంలో లెక్కపెడితే యాభై తొమ్మిది.

"తేన్‌మొళి రాలేదు సార్. వాళ్ళ తమ్ముడికి చెవులు కుట్టిస్తున్నారని ఊరెళ్ళింది" అంది ముందు నిలబడ్డ పిల్ల.

వైద్యలింగం మళ్ళీ లెక్కపెట్టాడు. అంతే. యాభై తొమ్మిది ప్రధాన సంఖ్య. ఒకే వరుసలో నిలబెట్టాలి, లేదా ఒక్కొక్కరినీ ఒక్కో వరుస అనుకోవాలి. ఏడో తరగతికి పరుగెత్తి, "ఒక్క పిల్లని పంపండి టీచర్!" అని బతిమాలాడు. మలర్ వచ్చింది. వెనకాలే ఆమె కవల చెల్లెలు ముల్లై వచ్చింది. రోజూ కిటికీలోంచి చూసి ఇద్దరికీ డ్రిల్లంతా కంఠతా వచ్చు.

అరవై ఒకటి. అదీ ప్రధాన సంఖ్యే.

"మీలో ఒకరు వెళ్ళిపోండమ్మా."

ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఆయన తల పట్టుకోవడం హెడ్మిస్ట్రెస్ చూసింది. "ఏంటి సార్, పిల్లలు తక్కువయ్యారా?" అని, ఏడుస్తూ పోతున్న కవలల్ని తానే చేయి పట్టుకుని తెచ్చి వరుసలో నిలబెట్టింది. మళ్ళీ అరవై ఒకటి. ఇక వాళ్ళని కదిపే ధైర్యం ఆయనకు లేదు. అందరిలోకీ పొట్టిపిల్ల ఇన్బవల్లిని పక్కకు పిలిచాడు.

"నేనెందుకు సార్ వెళ్ళాలి? మా అవ్వ మన్నార్‌గుడి నుంచి మురుకులు చేసుకుని మరీ వచ్చింది. అదుగో, ముందు వరుసలో కూర్చుంది!"

అవ్వ చేయి ఊపింది. వైద్యలింగం కూడా ఊపాడు.

ముఖ్య అతిథి జీపు గేటు దాటింది. మిగిలిపోయిన ఒకటి ఆయన్ని వేధిస్తోంది. స్టాఫ్ రూములో బల్లకు ముగ్గురేసి కూర్చుంటే, కిటికీ దగ్గర విడి కుర్చీలో మిగిలేది ఎప్పుడూ తనే. మిగిలినవాళ్ళను ఏం చేయాలో ఇన్నేళ్ళలో ఆయనకు తోచలేదు.

చెట్టుకింద ఆనందంగా చూస్తున్న ఆరోకియసామి ఇక ఉండబట్టలేకపోయాడు.

"మిగిలినదాని చేతికి జెండా ఇచ్చి ముందు నిలబెట్టండి సార్! లోకంలో లీడర్లంతా అలా పుట్టినవాళ్ళే."

ఇన్బవల్లి జెండా పట్టుకుంది. వెనక అరవైమంది ఆరు వరుసలయ్యారు, ఐదయ్యారు, నాలుగయ్యారు, మూడయ్యారు. అతిథి లేచి చప్పట్లు కొట్టాడు. అవ్వ ఆయన చేతిలో మురుకులు పెట్టింది.

"పీరియడు మీదే సార్" అంది హెడ్మిస్ట్రెస్.

"లెక్కలకేగా అమ్మా?"

"లెక్కలా? ఇంత బాగా డ్రిల్లు చేయించే మనిషిని పెట్టుకుని లెక్కలేంటి సార్! ప్రతి శుక్రవారం మీరే చేయించండి."

ఆరోకియసామి తన ఈల తీసి ఆయన మెడలో వేశాడు. "మంచిది సార్, శుక్రవారం నేను ఓ గంట ముందే ఇల్లు చేరతాను."

శుక్రవారం వచ్చింది. కవలలు వరుసలోంచి కదలనే లేదు. తేన్‌మొళి ఊరినుంచి తిరిగొచ్చింది. ఇన్బవల్లిని జెండాతో ముందు నిలబెట్టి, వైద్యలింగం మిగతావాళ్ళను లెక్కపెట్టాడు.

అరవై ఒకటి.