మూడో కూత దాకా ఆగవలెను

ఆర్మూర్ మార్కెట్ గంజ్‌లో కమీషను మీద పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు శ్రీ నారాయణదాస్ గారి గోదాములో, 1993 దసరా మరునాడు ఉదయం, చేపల ప్రాణరక్షణ సైరన్‌కు ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, సైరన్‌కు బొట్టు పెట్టారు. వ్యాపారుల సంఘం అధ్యక్షుడు కాశీనాథ్ గారు చేసిన ప్రసంగం ముప్పావు గంట సాగింది. "ఇయ్యాల్టి దాంక గీ గంజ్‌ల పసుపు మాట్లాడింది, మనం ఇన్నం. ఇగ ఇప్పటి సంది చాప గూడ మాట్లాడుతది. దాని మాట గూడ మనం ఇంటం," అని ఆయన ముగించగానే అందరూ చప్పట్లు కొట్టారు.

పసుపు గోదాములో చేపలేమిటని అడిగేవారు బయటి ఊరివారై ఉండాలి. రెండేళ్లుగా గోదాము సగం ఖాళీగా ఉంది. ఖాళీ గోదాము అడ్తిదారుకు అచ్చిరాదు. అప్పుడే సౌదీలోని దమ్మాంలో ఏడేళ్లు కరెంటు పని చేసి వచ్చిన మహమూద్, అక్కడి ఎడారిలో నాలుగు గోడల మధ్య చేపలు పెంచుతున్నారని, గోదావరి పక్కనున్న మనకేం రోగమని అడిగాడు. నారాయణదాస్ ఇంట్లో ఉల్లిగడ్డ కూడా చాటుగానే తరుగుతారు. అయినా ఆయన ఆలోచనాపరుడు. తింటే దోషం గాని అమ్మితే దోషమని ఏ శాస్త్రంలోనూ లేదని తేల్చుకొని, నాలుగు సిమెంటు తొట్లు కట్టించి, నీళ్లలోకి గాలి కొట్టే మోటారు బిగించి, రవ్వ చేప పిల్లలను వదిలించాడు.

చేప అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని వచ్చి, "సరుకు మంచిగున్నదా?" అని అడిగేవాడు. రెండు నెలలకు సరుకు ఆయన దస్తీని గుర్తుపట్టి గట్టు దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఆయనకు లోలోపల ఎంత ముచ్చటేసిందో భార్యకు కూడా చెప్పుకోలేదు పాపం.

ఆ సరుకును సాకే మనిషి లక్ష్మవ్వ. దొంకేశ్వర్ బెస్తవారి ఆడబిడ్డ. అంతకుముందు పన్నెండేళ్లు ఇదే గోదాములో పసుపు జల్లెడ పట్టింది. దుమ్ము రొమ్ముకెక్కి, మాట్లాడితే దగ్గు, పండుకుంటే దగ్గు. బతకాలనుంటే ఆ దుమ్ము దగ్గరికి పోవద్దని దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఆర్మూర్‌లో పసుపు దుమ్ము లేని కూలి ఎక్కడ దొరకాలి? చేపలు దొరికాయి. తొట్ల దగ్గర చేరిన నాటి నుంచి ఆమె దగ్గు సగానికి సగం తగ్గింది. ఈ కొలువు ఊడితే మళ్లీ జల్లెడే దిక్కని ఆమెకు బాగా తెలుసు.

సైరన్ పద్ధతి చాలా సులువు. గాలి ఆగినా, నీళ్లు తగ్గినా ఒక నిమిషం మోగుతుంది. పది నిమిషాలు ఆగి మళ్లీ మోగుతుంది. కరెంటు పోయినా మోగేందుకు మహమూద్ పాత లారీ బ్యాటరీ తగిలించాడు. గాలి మోటారు తిప్పడానికి డీజిల్ ఇంజన్ వేరే గదిలో ఉంది. ఆ గది తాళంచెవి నారాయణదాస్ మొలతాడుకు ఉంటుంది. "సేట్ సాబ్, సైరన్ మోగిందంటే ముందుగాల ఉరకాలె, తర్వాత అడగాలె," అని మహమూద్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

మొదటి నెలలో సైరన్ నాలుగుసార్లు మోగింది. మూడుసార్లు నీటి మట్టం చూడడానికి తేలే బుర్ర మీద కప్ప కూర్చొని దాన్ని కిందికి దించినందుకు, ఒకసారి నిజంగానే. ఆ ఒక్కసారి లక్ష్మవ్వ ఉరికి తాళంచెవి తెచ్చి ఇంజన్ పెట్టించింది. చేపలన్నీ బతికాయి. ఏమీ జరగలేదు కాబట్టి గంజ్ పెద్దలు దాన్ని కూడా ఉత్తుత్తి కూతల్లోనే కలిపేశారు.

అసలు గొడవ మాఘమాసంలో వచ్చింది. పసుపు హర్రాజు జోరు మీదుంది. మాక్లూర్ రైతు ఒకాయన కుప్ప దగ్గర కాశీనాథ్ గారు స్వయంగా నిలబడి, "ఒకటోసారి... రెండోసారి..." అని నోరు తెరిచారో లేదో, సైరన్ మోగింది. ఏ కొంప మునిగిందోనని జనమంతా పరుగెత్తారు. బుర్ర మీద కప్పను చూసి తిరిగొచ్చేసరికి, పాట పాడిన వ్యాపారి "నేనెప్పుడు పాడిన?" అన్నాడు. గంజ్ పుట్టిన నాటి నుంచి ఇంత అన్యాయం జరగలేదు.

ఆ సాయంత్రమే పదకొండు మంది సభ్యుల వ్యాపారుల సంఘం కూర్చుంది. తీర్మానం ఇలా ఉంది: "మన గంజ్‌లో మూడోసారి అననిదే ఏ ధరయు ధర కానేరదు. తాతముత్తాతల నాటి ఈ మర్యాద సైరన్‌కు సైతం వర్తించును. మొదటి కూత సమాచార నిమిత్తము. రెండవ కూత ఆలోచన నిమిత్తము. మూడవ కూత పిమ్మటనే ప్రమాదము ఖాయమైనట్లు ఎంచి, ఇంజన్ గది తాళంచెవి ఇవ్వవలెను. మనుషుల నోటిమాట కూతగా లెక్కింపబడదు."

మహమూద్ గోడకు ఆనుకొని విన్నాడు. "మూడో కూతకు ఇరవై రెండు మినిట్లు అయితది సాబ్. గాలి లేకుంటే చాప గంతసేపు ఆగది," అన్నాడు.

"ఆగుతది భాయ్. నియమం ఎరుకైతే ఎవలైనా ఆగుతరు," అన్నారు కాశీనాథ్ గారు.

నారాయణదాస్ కొంచెం నొచ్చుకున్నాడు. కానీ ఆయనా అడ్తిదారే. మూడోసారి అనకముందే తొందరపడి చేయి ఎత్తినవాడిని ఊరు ఎట్లా చూస్తుందో ముప్పై ఏళ్లుగా ఎరిగినవాడు. సంతకం పెట్టాడు.

ఆ తర్వాత గంజ్‌లో ప్రశాంతత నెలకొంది. మొదటి కూతకు చాయ్ చెప్పడం, రెండో కూతకు తాగడం జనం అలవాటు చేసుకున్నారు. మూడో కూత దాకా రాకుండా కరెంటే వచ్చేది, లేదా కప్పే దిగిపోయేది. నియమం ఎంత గొప్పదో చూశారా అని కాశీనాథ్ గారు మీసం దువ్వుకున్నారు. నారాయణదాస్‌కు సైరన్ మీద గర్వం కూడా పెరిగింది. చుట్టపక్కాలు ఎవరొచ్చినా మోగించి వినిపించేవాడు. ఫాల్గుణంలో నిర్మల్ నుంచి వియ్యాలవారు దిగితే, వారి ముచ్చట తీర్చడానికి ఒకే పూట తొమ్మిదిసార్లు మోగించాడు. లారీ బ్యాటరీలో ఇంకెంత మిగిలిందో చూడడం ఎవరి బాధ్యతో తీర్మానంలో రాయలేదు.

ఆ మరునాడే, మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయింది. సరుకు ఎదిగి ఒక్కొక్కటి కిలోకు దగ్గరపడింది. ఇంకో పది రోజులైతే తీయాలి. సైరన్ మొదటిసారి మోగింది. కాంటా దగ్గర కూర్చున్న నారాయణదాస్ దగ్గరికి లక్ష్మవ్వ వచ్చింది.

"సేటూ, గాలి బందైంది. చాపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. తాళంచెవి ఇయ్యుండ్రి."

నారాయణదాస్ చేయి తనంతట తానే మొలతాడు మీదికి పోయింది. పక్కన కూర్చున్న కాశీనాథ్ గారు చిన్నగా దగ్గారు. చేయి వెనక్కి వచ్చింది.

"జర ఆగు లక్ష్మవ్వా. ఇంక ఒకటోసారే గద."

ఆమె వెళ్లింది. చాయ్ వచ్చింది. పది నిమిషాలకు సైరన్ రెండోసారి మోగింది, జలుబు చేసిన గొంతుతో. లక్ష్మవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

"సేటూ, నేను దొంకేశ్వర్ బెస్తోళ్ల బిడ్డను. చాప నోరు జూస్తె నాకు ఎరుకైతది. సగం పక్కకు ఒరుగుతున్నయ్. మీకు దండం వెడుత."

కాశీనాథ్ గారు ఆమెను దయగా చూశారు. "నువ్వు అబద్ధం జెప్తున్నవని ఎవలంటలేరు బిడ్డా. కని నువ్వు సైరన్ గావు గద," అన్నారు.

లక్ష్మవ్వ లేచి వెళ్లిపోయింది. గంజ్ అంతా చెవులు రిక్కించి మూడో కూత కోసం చూసింది. ఇరవై రెండు నిమిషాలైంది. ముప్పై అయింది. సైరన్ మోగలేదు. మూడోసారి అనలేదంటే పాట రద్దయినట్టే లెక్క. ప్రమాదం తనంతట తానే వెనక్కి తగ్గిందని అందరూ సంతోషించారు. నారాయణదాస్ నుదుటి చెమట తుడుచుకొని ఇంకో చాయ్ చెప్పాడు.

గోదాములో లక్ష్మవ్వ ఎవరినీ ఏమీ అడగలేదు. బయటి వసారాలో జల్లెడ పడుతున్న ముగ్గురు ఆడవాళ్లను చేయిపట్టి లాక్కొచ్చింది. నాలుగు తొట్లకు నలుగురు చాలరు. అందుకని తలుపు దగ్గరి నాలుగో తొట్టిలో దిగి, బకెట్లతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టారు. నీళ్లలో గాలి కలవాలంటే అదొక్కటే దారి. మిగతా మూడు తొట్ల వైపు ఆమె తల తిప్పలేదు. చేతులు పడిపోయేదాకా, కరెంటు వచ్చేదాకా పోస్తూనే ఉన్నారు.

సాయంత్రం నారాయణదాస్ వచ్చి చూసేసరికి మూడు తొట్ల నిండా తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. దస్తీ ముక్కు మీద నుంచి జారిపోయింది. "అయ్యో, నా చాపలు," అన్నాడు. జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు. గట్టు మీద కూర్చొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

అదే సంఘం విచారణ జరిపి మూడు రోజుల్లో నివేదిక ఇచ్చింది: "మొదటి మూడు తొట్లలోని సరుకు నియమానుసారం మరణించినది. ఇందులో ఎవరి తప్పిదమును లేదు. నాలుగవ తొట్టిలోని సరుకు మూడవ కూత లేకుండా, పెద్దల అనుమతి లేకుండా బతికినది. ఇది మిక్కిలి గర్హణీయము. ఇటువంటివి సహించినచో రేపు ప్రతివారును సైరన్‌తో పనిలేదందురు." లక్ష్మవ్వను కొలువు నుంచి తీసేశారు. పదకొండు మందీ సంతకం చేశారు. నారాయణదాస్ కూడా, కళ్లు తుడుచుకుంటూ చేశాడు. ఆడమనిషి వీధిన పడకూడదని కాశీనాథ్ గారు జాలిపడి తన గోదాములో జల్లెడ పని ఇప్పించారు. నాలుగో రోజుకు దగ్గు తిరిగొచ్చింది.

ఆదివారం పొద్దున నాలుగో తొట్టి అమ్మకానికి పెట్టారు. నారాయణదాస్ తప్ప సంఘం సభ్యులు పదిమందీ సంచులు పంపారు. తినేవాళ్లు సొంత పేరు మీద, తిననివాళ్లు జీతగాళ్ల పేరు మీద. నియమానుసారం మరణించిన సరుకు కోసం మాత్రం, అది చచ్చిన నాడు కూడా ఒక్క సంచీ రాలేదు. దాన్ని ఆ మరునాడే బండ్లకెత్తి ఊరవతల పూడ్చారు.

నవ్వకండి. మీరైనా ఆ వరుసలోనే నిలబడేవారు. "ఇవి లక్ష్మవ్వ బతికించినవేనా?" అని రెండుసార్లు అడిగి, చేప కదులుతోందో లేదో చూసుకొని మరీ సంచిలో వేయించుకునేవారు. ఆమెను ఎందుకు తీసేశారన్నది మాత్రం, మీ ముందున్నవాడు అడుగుతాడులే అని ఊరుకునేవారు. మీ ముందున్నవాడు కూడా చదువుకున్నవాడే. అతని ముందు కూడా ఒకడున్నాడు.